గొంగళిపురుగును ప్రశ్నించిన బాలిక

సీతాకోకచిలుకను జూచి దాని వెంట పరుగెత్తని బాలుడు గాని బాలిక గాని లోకమున నుండుట యరుదు. మాట లింకను చక్కగా రాని శిశువు సయితము పెరటిలోని బంతిపూవుపై వ్రాలిన పసుపురెక్కల ప్రాణిని వ్రేలితో జూపి తల్లి మొగమువంక జూచును. ఆ చూపులోనే యొక ప్రశ్న యున్నది. ఇది యెక్కడనుండి వచ్చినది? దీనికి రంగులు వేసిన దెవరు? రెక్కను ముట్టినప్పుడు వ్రేలి కంటిన పొడి యేమి? వాన వచ్చినపు డిది యెచ్చట తలదాచుకొనును? ఇన్ని ప్రశ్నలకును పెద్దల మగు మనము తఱచుగా నిచ్చు ప్రత్యుత్తర మొక్కటియే: "పురుగును ముట్టకుము, చేయి కడుగుకొనుము." అడిగినది యాడుబిడ్డ యైనచో నింకొక మాటయు జేర్తుము: "ఆడుపిల్లకు పురుగులతో నేమి పని?"

ఈ వింత చూపు సర్వదేశముల శిశువులకును సమానమే. తూనీగ తోకకు దారము గట్టి చిన్నరాతిని మోయించు పల్లెటూరి పిల్లవానికిని, సీమలో గాజుబుడ్డిలో పురుగులను బెంచు పిల్లవానికిని భేద మేమియు లేదు. భేద మంతయు ఆ చూపునకు పిమ్మట నేమి కలుగునో దానియందే యున్నది. కొన్ని గృహములలో నది రెండు మూడేండ్లకే చల్లారిపోవును. కొన్నింట పుస్తకముగను, శాస్త్రముగను పరిణమించును. అట్లు పరిణమించిన యొక చూపుయొక్క చరిత్రమును మే మిందు చెప్పదలచితిమి. 1660వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంకుఫర్టు నగరమున బదుమూడేండ్ల బాలిక యొకతె కొన్ని పట్టుపురుగులను దెచ్చి, వానికి మేత పెట్టి, అవి యేమగునో చూడ గూర్చుండెను. ఆ బాలిక పేరు మరియా సిబిల్లా మేరియన్.

ఆమె చేసినపని గొప్పతనము తెలియవలె నన్నచో, ఆనాటి లోకము పురుగులనుగుఱించి యేమి తలంచుచుండెనో ముందుగా దెలిసికొనవలయును. గ్రీకుతత్త్వవేత్త యగు అరిస్టాటిలు, గొంగళిపురుగు సీతాకోకచిలుక యగుట నెఱుగును. అయినను, కొన్ని పురుగులు తల్లిదండ్రులు లేకయే ఆకులపై బడిన మంచునుండియు, క్రుళ్ళిన బురదనుండియు తమంత తామే పుట్టుచున్నవని యాతడు వ్రాసెను. ఆ మాటనే రెండువేల యేండ్లు ఐరోపా పండితులు వల్లించిరి. మన పూర్వులును ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు నని నాలుగు తెగలుగా విభజించి, పేలు నల్లులు మున్నగువానిని చెమటనుండి పుట్టు స్వేదజములలో జేర్చిరి. కంటి కగపడినంతలో నది పొసగిన విభాగమే. గ్రుడ్డు మిక్కిలి సూక్ష్మమైనపుడు, దానిని పెట్టిన తల్లి యెగిరిపోయినపుడు, పురుగు శూన్యమునుండి వచ్చినట్లే తోచును గదా.

మఱియు రెక్కల ప్రాణులచుట్టును నానావిధములగు కథ లల్లుకొనియుండెను. గ్రీకుభాషయందు ఆత్మకును సీతాకోకచిలుకకును ఒకటే పేరు. జర్మను భాషలో సీతాకోకచిలుకకు గల పేరు మీగడ యను నర్థముగల మాటనుండి వచ్చినదని చెప్పుదురు; మంత్రగత్తెలు చిలుకల రూపమున వచ్చి యిండ్లలోని పాలమీగడను దొంగిలింతురని యచ్చటి పల్లెప్రజలు నమ్మియుండుటయే దానికి మూలము. ఆ శతాబ్దమున జర్మనీలో స్త్రీలను మంత్రగత్తెలని నిందించి కాల్చివేయుట యింకను పూర్తిగా నాగలేదు. అట్టికాలమున నొక యాడుపిల్ల పెట్టెలలో పురుగులను దాచి, రాత్రులు దీపము పెట్టుకొని వానిని జూచుచు గూర్చుండుట యేమంత సామాన్యమైన సాహసము గాదు.

మరియా 1647వ సంవత్సరము ఏప్రిలు 2వ తేదీన జన్మించెను. తండ్రి మత్తేయుస్ మేరియన్ నగరముల చిత్రపటములను రాగిరేకులపై జెక్కి అచ్చువేయుటలో ప్రసిద్ధి వహించినవాడు. కొమార్తెకు మూడేండ్లు నిండిన కొలది నెలలకే, 1650లో, ఆయన గతించెను. మఱుసటి సంవత్సరము తల్లి యాకోబ్ మారెల్ అను పుష్పచిత్రకారుని వివాహమాడెను. ఇచ్చట మన చదువరులు గుర్తింపవలసిన దొకటి కలదు. ఆ తల్లికి పునర్వివాహము నిషిద్ధమై యుండినచో, ఆ బాలిక కుంచె పట్టియుండెడిది కాదేమో. ఆ మారుతండ్రియే మరియాకు చిత్రలేఖనము నేర్పెను. ఇంటనే చిత్రశాల, ఇంటనే ముద్రణాలయపు పరిచయము, ఇంటనే పుష్పములు. పుష్పములున్నచోట పురుగు లుండక మానవు. పూలచిత్రములకు సొగసు గూర్చుటకై చిత్రకారులు ఒక మూల నొక సీతాకోకచిలుకను, ఒక యాకుపై నొక గొంగళిని వ్రాయుట యాచారము. తక్కినవా రా పురుగును అలంకారముగా వ్రాసి యూరకొనిరి. ఈ బాలిక మాత్రము, "ఈ పురుగు ఈ పూవుపై నేల యుండవలెను?" అని ప్రశ్నించెను.

ఫ్రాంకుఫర్టులో నప్పుడు పట్టువర్తకము కలదు. పట్టుపురుగునుగుఱించి చదువరులకు గొంత తెలిసియే యుండును. ఆవగింజకంటె చిన్నదగు గ్రుడ్డునుండి వెడలిన పురుగు మల్బరీ యాకును రేయింబగళ్ళు తినుచు, నాలుగుసారులు చర్మమును విడిచి, సుమారు నాలుగువారములలో పూర్తిగా నెదుగును. పిదప నోటినుండి వెడలు జిగురును దారముగా దిగిచి, రెండు మూడుదినములలో తనచుట్టును గూడు కట్టుకొనును. ఒక్క గూటియందలి దారము దాదాపు వేయిగజముల పొడ వుండును. పట్టుకావలసినవారు గూటిలోని ప్రాణి వెలికి రాకమునుపే దానిని వేడిచే జంపుదురు. లేనిచో నది గూటిని దొలుచుకొని వచ్చుటవలన దారము తెగిపోవును. పట్టుకొఱకు పెంచువారికి గూటితో కథ ముగియును. మరియాకు గూటితోనే కథ ప్రారంభమాయెను. ఆమె గూళ్ళను జంపక వేచియుండెను. రెండువారములకు దెల్లని చిమ్మట యొకటి తడిరెక్కలతో వెలికి వచ్చెను. అది తినదు, చక్కగా నెగురను లేదు. జతగూడి, గ్రుడ్లు పెట్టి, కొలదిదినములలో మరణించును. గ్రుడ్డునుండి గ్రుడ్డువఱకు చక్రము పూర్తియైనది. ఇందు క్రుళ్ళిన బురదకు గాని మంచుబిందువునకు గాని చోటు లేదు.

పట్టుపురుగు చూచిన పిదప నామె యాగలేదు. ఇతరములగు గొంగళిపురుగులనుండి యింతకంటె నెంతో యందమైన చిలుకలును చిమ్మటలును వచ్చుచున్న వని కనుగొని, దొరికిన గొంగళి నెల్ల నింటికి దెచ్చుటకు మొదలిడెను. ఈ పనికొఱకు మనుష్యుల సాంగత్యమునే తగ్గించుకొంటి నని యామె తరువాతికాలమున దన గ్రంథపీఠికలో జెప్పుకొనెను. ప్రతిపురుగును ఏ యాకుపై దొరకినదో, ఏనాడు చర్మము విడిచినదో, ఏనాడు కోశముగా మారినదో, ఏనాడు రెక్కలతో వచ్చినదో వ్రాసి, ప్రక్కన రంగులలో జిత్రించెడిది. చిన్ననాట మొదలిడిన యీ పరిశీలనమును ముసలితనమువఱకు విడువలేదు. ఆ చిత్రములును వ్రాతలును గల పుస్తకము నేటికిని రష్యాలోని పీటర్సుబర్గు విజ్ఞానపరిషత్తు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ఆ కాలముననే ఇతరదేశములందును ఈ ప్రశ్నను విమర్శించువారు బయలుదేరుచుండిరి. 1668లో ఇటలీదేశపు వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి మాంసమును కొన్ని పాత్రలలో నుంచి, కొన్నింటిని తెఱచియుంచి, కొన్నింటికి పలుచని వస్త్రము గప్పెను. తెఱచిన మాంసమున పురుగులు పుట్టెను. ఈగలు వ్రాలుటకు వీలులేని పాత్రలలో పుట్టలేదు. 1669లో మాల్పీగీ యను పండితుడు పట్టుపురుగును కోసి దాని యంతరవయవములను వర్ణించెను. హాలండులో యాన్ స్వామర్డాం గొంగళి చర్మమును నేర్పుతో నొలిచి, దానిలోపల ముడుచుకొనియున్న రెక్కలను జూపెను. వీరందఱును విశ్వవిద్యాలయములలో జదివినవారు. సూక్ష్మదర్శిని, లాటిను భాష వీరికి గలవు. బదుమూడేండ్ల యాడుపిల్లకు గల సాధనములు కొన్ని పెట్టెలు, ఒక కుంచె, మిక్కిలి యోరిమి. అయినను రెడి గ్రంథము వెలువడుటకు నెనిమిదేండ్లకు ముందే యామె పరిశీలన ప్రారంభమై యుండెనని మనము మఱవరాదు.

1665లో మారుతండ్రి శిష్యుడగు యోహాన్ గ్రాఫ్‌తో మరియాకు వివాహమాయెను. పిదప నూరెంబర్గు నగరమున గాపురము. అచ్చట తైలవర్ణములతో పటములు వ్రాసి యమ్ముకొను హక్కును చిత్రకారసంఘములు స్త్రీల కీయలేదు. అందుచే నామె నీటిరంగులతోనే పనిచేసెను. ధనికుల యిండ్ల కన్యలను జేర్చి కుట్టుపనియు చిత్రలేఖనమును నేర్పెను. ఇద్దఱు కూతుండ్రను బెంచెను. వంటయింటిపని, శిష్యురాండ్రు, పసిపిల్లలు, నడుమ గొంగళుల పెట్టెలు. పురుగులు మేత లేకున్న జచ్చును. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క యాకే కావలెను. ఇల్లు నడపుట యెఱిగిన మన సోదరీమణులకు ఈ శ్రమ యెట్టిదో మేము వివరింప నక్కఱలేదు.

ఈ శ్రమకు ఫలము 1679లో వెలువడెను. గొంగళిపురుగుల వింతమార్పులనుగుఱించియు, అవి తిను పుష్పములనుగుఱించియు నేబది చిత్రములతో నొక గ్రంథమును ప్రకటించెను. 1683లో మఱియొక యేబది చిత్రములతో రెండవభాగము వచ్చెను. ఆమె దీనిని పండితులభాష యగు లాటినులో గాక, ఇంటింట మాటలాడు జర్మను భాషలో వ్రాసెను. మఱియు నామె చిత్రించిన విధానము క్రొత్తది. అంతకుముందు పండితులు చిలుకలను సూదులతో గ్రుచ్చినట్లు వరుసగా దెల్లకాగితముపై వ్రాయుచుండిరి. మరియా మాత్రము ఒక్కొక్క పటమున నొక మొక్కను నిలిపి, దాని యాకుపై గ్రుడ్లను, దానిని కొఱుకుచున్న గొంగళిని, కొమ్మకు వ్రేలాడు కోశమును, పూవుపై వ్రాలు చిలుకను ఒక్కచోటనే చూపెను. ప్రాణి తన యాహారముతోను, తన జీవితక్రమముతోను గలిసియే తెలియబడవలెను, విడిగా గాదు, అను భావ మిందు గలదు. నేడు శాస్త్రజ్ఞులు ప్రాణికిని పరిసరములకును గల సంబంధమునుగుఱించి యెంతయో వ్రాయుచున్నారు. ఆ బాటలో మొదట నడచినవారిలో నీ గృహిణి యొకతె.

ఇచ్చట మన దేశపు న్యాయ మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. భ్రమరకీటన్యాయ మని పెద్దలు చెప్పుదురు. తుమ్మెద యొక పురుగును దెచ్చి మంటిగూటిలో నుంచి చుట్టును ఝంకారము చేయగా, ఆ పురుగు భయముచే నెల్లప్పుడు తుమ్మెదనే ధ్యానించి తుదకు దానే తుమ్మెద యగునట. భగవద్ధ్యానమునకు దీనిని దృష్టాంతముగా జూపుదురు. ఈ న్యాయమును గల్పించినవారు కన్నులు మూసికొని కల్పింపలేదు, చూచియే చెప్పిరి. మన గోడల మూలలలో మంటిగూడు కట్టు కందిరీగ పచ్చని పురుగును మోసికొనివచ్చి లోన నుంచుటయు, కొన్నాళ్ళకు ఆ గూటినుండి కందిరీగయే వెలికివచ్చుటయు నిజమే. కాని నడుమ జరిగిన దేమన, కందిరీగ ఆ పురుగును ముల్లుతో బొడిచి కదలలేనిదానిగా జేసి, దానితోపాటు తన గ్రుడ్డును గూటిలో నుంచును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల యా పురుగును దినియే పెరుగును. పురుగు కందిరీగ కాలేదు, కందిరీగకు కబళమైనది.

ఐరోపాలోను ఇట్టి భ్రమయే కలిగెను. మరియాకు ముందుగా గొంగళులను బెంచి పరిశీలించిన హాలండు చిత్రకారుడు గూడర్ట్, ఒకే జాతి గొంగళినుండి యొకప్పుడు చిలుకయు నొకప్పుడు చిన్నయీగల గుంపును వచ్చుట జూచి, ఒక ప్రాణినుండి రెండువిధములగు ప్రాణులు పుట్టగల వని తలంచెను. మరియాయు నట్టి యీగలను జూచి, చూచినది చూచినట్లు చిత్రించెను. ఆ యీగలు గొంగళిలో గ్రుడ్లు పెట్టిన పరాన్నభుక్కుల సంతాన మని 1700 ప్రాంతమున లీవెన్‌హుక్ మున్నగువారు స్పష్టపఱచిరి. భక్తునకు దృష్టాంతముగా భ్రమరకీటన్యాయము సుందరమే; దానిని విడువు మని మే మనము. కాని పిల్లవాడు గోడమీది మంటిగూటిని జూపి "లోపల నేమున్నది?" అని యడిగినపుడు దృష్టాంతమును జెప్పి నోరు మూయించుట తగదు. గూటిని నెమ్మదిగా విప్పి చూపుట తగును. చూపినచో దైవభక్తికి లోపము రాదు. చూపకున్నచో సత్యభక్తికి లోపము వచ్చును.

మరియా జీవితమున పిదప ననేకపరిణామములు కలిగెను. 1685లో భర్తను విడిచి, ముదుసలి తల్లితోను కూతుండ్రతోను హాలండు దేశమందలి ఫ్రీస్లాండు చేరి, లబాడీయు లను నొక మతసమాజమున జీవించెను. లౌకికవస్తువులపై మమకారమును విడువవలె నని యా సమాజపు నియమము. అచ్చటను కప్పలపిల్లల పరిణామమును పరిశీలించుట మానలేదు. ఆ సమాజమువారి నివాసమగు కోట, దక్షిణామెరికాలోని సురినాం అను డచ్చివలసకు గవర్నరుగా నున్న ప్రభువు కుటుంబమువారిది. ఆ విధముగా సురినామునుండి వచ్చిన పెద్దపెద్ద నీలిరెక్కల చిలుకలను జూచుట యామెకు దటస్థించెను. తల్లి మరణానంతరము 1691లో ఆంస్టర్డాము చేరి, చిత్రములమ్మి జీవించుచు, సంపన్నుల యిండ్లలోని వింతవస్తువుల భాండారములను జూచెను. అన్నియు చచ్చిన చిలుకలే. అవి యే గొంగళినుండి వచ్చినవో, ఏ యాకును దిన్నవో చెప్పువారు లేరు. బదుమూడవయేట నడిగిన ప్రశ్నయే యేబదవయేట మరల తలయెత్తెను.

ప్రశ్నకు బదులు కావలెనన్న సముద్రము దాటవలయును. దాటుట కెవ్వరును ధనమీయలేదు. ఆమె తన చిత్రములలో నిన్నూటయేబదికి మించినవాని నమ్మి, వీలునామా వ్రాసి, 1699లో చిన్నకూతురు దొరోతియాను వెంట దీసికొని యోడ నెక్కెను. అప్పటికి వయస్సు 52 ఏండ్లు. ఆ దినములలో శాస్త్రపరిశోధనకై పురుషులే యట్టి ప్రయాణము చేయుట యరుదు. తల్లియు కూతురును మగతోడు లేక, రాజోద్యోగము లేక, పురుగులకొఱకు సముద్రము దాటుట యపూర్వము.

సురినాములో రెండేండ్లుండిరి. ఎండ భరింపరానిది, అడవులు ముండ్లతో నిండి దుర్గమములు. బానిసలు గొడ్డళ్ళతో ముందు దారి నఱకుచుండగా లోనికి బోవలసివచ్చెను. అచ్చటి తోటల యజమానులకు చెఱకుతప్ప వేఱేమియు నక్కఱలేదు. చక్కెరకు గాక వేఱొకదానికై వెదకుచున్న దని తన్ను బరిహసించిరని యామె వ్రాసికొనెను. జబ్బుపడి 1701లో తిరిగివచ్చెను. 1705లో అఱువది చిత్రములతో సురినాము పురుగుల రూపాంతరములను వర్ణించు గొప్పగ్రంథమును లాటిను డచ్చి భాషలలో తన ఖర్చుతోనే ప్రకటించెను. అందలి మొదటిపటము అనాసపండు. అరటి, జామ, దానిమ్మ, కఱ్ఱపెండలము మున్నగు మన పెరళ్ళలోని మొక్కలనే మనమందు జూడగలము. ప్రతిదానిపైనను దానిదాని పురుగు కలదు.

ఆ గ్రంథమునందలి యొక పటముచే నామెకు చిరకాలము అపకీర్తి కలిగెను. జామకొమ్మపై పెద్దసాలెపురుగొకటి చిన్నపక్షిని బట్టి తినుచున్నట్లు వ్రాసినది. సాలీడు పక్షిని దినుటయా యని తరువాతి శతాబ్దపు పండితులు నవ్విరి; ఆడుదాని కల్పన యని త్రోసివేసిరి. 1863లో అమెజాను అరణ్యములలో పదునొకండేండ్లు గడపిన హెన్రీ బేట్సు తన గ్రంథమున, సాలీడు చిన్నపక్షులను బట్టుట దాను స్వయముగా జూచితి నని వ్రాసెను. మరియా మరణించి యప్పటికి నూటనలుబదియాఱేండ్లు. ఆమె పటములలో తప్పులు లేకపోలేదు. కొన్ని గొంగళులకు వేఱుజాతి చిలుకలను జతపఱచినది. తప్పులు తప్పులే. కాని చూచినదానిని సయితము కల్పన యనిపించుకొనుట స్త్రీ యగుటవలననే తటస్థించెను.

ఈ చరిత్రమున మఱియొక ముఖము కలదు. దానిని దాచి స్తుతిమాత్రము చేయుట చరిత్రకారుల ధర్మము గాదు. సురినాములో నడవిదారి నఱకినవారు బానిసలు. గొంగళులను దెచ్చి యిచ్చినవారు, మొక్కల గుణములను జెప్పినవారు అచ్చటి ఆదిమనివాసులును ఆఫ్రికానుండి గొనితేబడిన దాసీజనమును. ఒక యాదిమజాతి స్త్రీని మరియా తనతో ఆంస్టర్డామునకు దీసికొనిపోయెను. ఆ స్త్రీ పేరు గ్రంథమున లేదు. జ్ఞానము వారిది, శ్రమ వారిది; పేరు మాత్రము పుస్తకము వ్రాసినవారిది.

అయినను మరియా యొక విషయమును మఱుగుపఱుపలేదు. మన పెరళ్ళలో శోభకై పెంచుకొను రత్నగంధిమొక్కను ఆమె చిత్రించి, దానిక్రింద వ్రాసినది చదివినచో నొడలు జలదరించును. యజమానుల క్రూరత్వమును సహింపలేని దాసీస్త్రీలు, తమ బిడ్డలు తమవలె బానిసలు గాకుండుటకై, ఆ మొక్క విత్తులను దిని గర్భమును బోగొట్టుకొనుచున్నారని, ఆ మాట వారే తనతో జెప్పిరని యామె స్పష్టముగా వ్రాసెను. చక్కెర వర్తకులును గవర్నరులును వ్రాసిన లెక్కలలో నీ మాట దొరకదు. పురుగును వెదకుచు మొక్కకడకు బోయిన చూపు, మొక్కకడ నిలిచిన మనుష్యురాలి దుఃఖమును సయితము జూచినది. ఆ వలసలో బానిసత్వము 1863వఱకును రద్దు కాలేదు.

మరియా 1717 జనవరి 13వ తేదీన మరణించెను. ఆ సంవత్సరముననే గొంగళిగ్రంథపు మూడవభాగమును దొరోతియా ప్రకటించెను. రష్యాచక్రవర్తి పీటరు ఆమె చిత్రములను గొనిపించెను. దొరోతియాయు భర్తతోగూడ రష్యాకు బోయి యచ్చటి విజ్ఞానపరిషత్తున చిత్రకారిణిగా పనిచేసెను. తల్లినుండి కూతునకు సంక్రమించిన ఆస్తి యిది. స్వీడను శాస్త్రజ్ఞుడు లినేయస్ ప్రాణులకు పేర్లు పెట్టినపు డనేకజాతులకు మరియా పటములనే ప్రమాణముగా జూపెను. 1990ల మొదట జర్మనీదేశము తన యైదువందల మార్కుల నోటుపై నామె ముఖమును ముద్రించెను. యూరో నాణెము వచ్చువఱకు నది చెలామణిలో నుండెను.

ఆ కాలముననే ఇంగ్లండులో ఎలినార్ గ్లాన్విల్ అను సంపన్నురాలుండెను. ఆమెయు సీతాకోకచిలుకలను బ్రేమించి సేకరించినది. 1709లో నామె మరణింపగా, వారసులు వీలునామా చెల్లదని వ్యాజ్యెమాడిరి. మతిస్థిమితము గలవారెవరైన చిలుకల వెంట దిరుగుదురా యని వాదించిరట. వీలునామా కొట్టివేయబడెను. నేడొక చిలుకజాతి ఆమె పేరనే పిలువబడుచున్నది. ఇద్దఱు స్త్రీలు, ఒకే కుతూహలము. ఒకతె యింట చిత్రశాల యుండెను; ఇంకొకతె యింట న్యాయస్థానము ప్రవేశించెను.

ఇట్టి చరిత్రములు దూరదేశమునకే చెందినవి గావు. మన సామర్లకోటలో నుద్యోగము చేసిన విలియం రాక్సుబరో అను వైద్యుడు కొండలనుండి తెచ్చిన కొమ్మలపై లక్కపురుగును బెంచి, దాని జీవితమును వర్ణించి లండనునకు బంపగా, 1791లో రాయలుసొసైటీవారి పత్రికయందది ప్రకటింపబడెను. ఆయన కోరమాండలుతీరపు మొక్కలను జిత్రింపించి 1795 మొదలు గొప్పసంపుటములుగా వెలువడునట్లు చేసెను. ఆ చిత్రములు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. వారి పేర్లును గ్రంథమున కెక్కలేదు. సురినాము స్త్రీవలెనే వారును పేరులేనివారైరి. చూచుశక్తి మనకు లేక కాదు. చూచినదానిని మన పేర, మన భాషలో వ్రాసికొనునలవాటు మనకు లేకపోయెను.

మరియా యడిగిన ప్రశ్న నేటికిని ముగియలేదు. గొంగళిదశయందే రెక్కలకును కాళ్ళకును బీజములు దేహములోపల నడగియుండు నని నేటి శాస్త్రము చెప్పుచున్నది. రూపాంతరమును నడపు ద్రవ్యమును 1954లో జర్మనీశాస్త్రజ్ఞు లిద్దఱు వేఱుపఱచిరి. అందుకై వారు వాడినవి పట్టుపురుగుల కోశములే. అయిదువందల కిలోగ్రాముల కోశములనుండి దొరకినది యిరువదియైదు మిల్లీగ్రాములు. 2008లో అమెరికాలో మఱియొక వింత తేలినది. ఎదిగిన గొంగళికి ఒక వాసన యనిన వెగటు పుట్టునట్లు నేర్పగా, అది కోశములో జొచ్చి, దేహమంతయు మాఱి, చిమ్మటగా వెలికివచ్చిన పిదప సయితము ఆ వాసనను దప్పించుకొనెను. నేర్చినది రూపముతో నశింపలేదు.

ఈ సంగతి తల్లిదండ్రులు మనసున బెట్టుకొనదగినది. బిడ్డ పెద్దయైన పిదప జదువు నేర్పుదము, ఇప్పటి యాటలు వృథా యని మనము తలంతుము. కాని గొంగళి నేర్చినది చిమ్మటకు జ్ఞప్తియుండినపుడు, బదుమూడేండ్ల బాలిక నేర్చిన చూచువిద్య యేబదిరెండేండ్ల స్త్రీకి తోడురాకుండునా? "ముట్టకుము" అని నేర్పినచో నదియు జీవితాంత మంటియుండును. "చూడుము, ఏమి తినుచున్నదో చూచి చెప్పుము" అని నేర్పినచో నదియు నంటియుండును.

ఇందుకు ధనము వ్యయము గాదు, పాఠశాల యక్కఱలేదు. ఇంటిముందు కరివేపచెట్టు గాని నిమ్మచెట్టు గాని యుండుచో, లేతయాకులపై బక్షిరెట్టవలె నగపడు చిన్నపురుగు కనబడును. దాని నాకుతోగూడ దెచ్చి గాలియాడు సీసాలో నుంచి, దినదినము లేతయాకు వేయుచుండిన, కొలదిదినములకు బచ్చనిదగును, పిదప కోశమై కొమ్మ కంటుకొనును, తుదకు నలుపు పసుపు రెక్కల చిలుకయై వెడలును. అప్పుడు మూత తీసి విడువవలెను. కుమారుడును కుమార్తెయు ఇద్దఱును దానిని జూడవలెను. చూచినది తమ తెలుగులో నొక పుస్తకమున దేదీతో వ్రాయవలెను. ఆడుపిల్లకు పురుగులతో నేమి పని యని యవ్వ యడిగినచో, ఆ పుస్తకమునే యామెకు జదివి వినిపింపవలెను.